ప్రతియే ప్రాణము

పుదుచ్చేరిలో ఫ్రెంచివారికి దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్ళె 1736 మొదలు 1761 వరకు తమిళమున దినచర్య వ్రాసికొనెను. ఆతడు మనకు పరాయివాడు కాడు: కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమగు ఆనందరంగరాట్ఛందమును ఆతనికే అంకితమొసగెను. ఆ దినచర్య ప్రకటనకై వ్రాసినది కాదు. 1846లో గాల్వా మోంబ్రన్ అను ఫ్రెంచివాడు దానిని కనుగొని ప్రతి వ్రాయించెను. ఆంగ్లానువాదము 1904–1928 నడుమ మద్రాసులో పండ్రెండు సంపుటములుగా అచ్చయ్యెను. అచ్చునకు ముందు దానిని కాచినది చేతివ్రాత ప్రతియే.

మన చిన్న పత్రికలకును ఈ పాఠము వర్తించును. సాహితీసమితివారి ‘సాహితి’కిని, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘ప్రబుద్ధాంధ్ర’కును అభిరుచియే మూలధనము. అట్టివాని ప్రతులు కొద్ది. అటకమీద చెదలు పట్టినచో సంచిక సమసిపోవును.

1998లో అమెరికాలోని తెలుగువారు ‘ఈమాట’ను కాగితముతో పనిలేక అంతర్జాలముననే వెలువరించిరి. పిదప అచ్చు పత్రికలు కొన్ని తమ సంచికలను అచ్చటను ఉంచసాగెను. ఉచితముగా చదువ దొరకిన చందాలు తగ్గునని సంపాదకులు వెరచుట సహజము. ఐనను దూరదేశపు చదువరికి ఆ సంచిక అసలే అందకుండుట అంతకంటె నష్టము.

జాలమును శాశ్వతము కాదు. ఔత్సాహికుల పుటలకు నెలవైన జియోసిటీస్‌ను యాహూ సంస్థ అమెరికాలో 2009లో మూసివేసెను. కావున సంచిక వెలువడిన నాడే, రచయితల అనుమతితో, ఒక ప్రతిని గ్రంథాలయమునకును ఒకదానిని జాలమునకును చేర్పవలెను. ప్రతి పత్రికకును ఒక గాల్వా మోంబ్రన్ దొరకడు.