బిరుదములు, సంబోధనములు: రాయచూరు సీమ కథ

కవితాళ పరిసరములలో కాపురములున్న తెలుగువారమగు మనము తాలూకా కచేరీకి అర్జీ వ్రాయవలసినపుడెల్ల మొదటి పంక్తికడనే కొంత తడవు ఆగుదుము. కన్నడమున "మాన్యరే" యని మొదలుపెట్టుదుము. తుంగభద్ర ఎడమకాలువ నీటిని నమ్ముకొని 1953 తరువాత ఈ సీమకు తరలివచ్చిన మన పెద్దలలో పెక్కురు ఉత్తరముపై "మహారాజరాజశ్రీ" యనియో, పొదుపుగా "మ. రా. రా. శ్రీ" యనియో వ్రాసెడివారు. వారి పొరుగు రైతులు నైజాము కచేరీల ఉర్దూ మర్యాదలకు అలవాటుపడినవారు. ఇట్లు ఒక్క ఊరిలో మూడు మర్యాదలు కలిసినవి.

బిరుదము చేయు వింత పనికి మనకు చేరువనున్న మస్కి శాసనమే గొప్ప సాక్షి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని చదివినది మొదలు, శిలలపై "దేవానాంప్రియుడు" అను రాజు ఎదురగుచునే యుండెను. ఆతడు అశోకుడని పండితులు ఊహించిరేగాని, శాసనముననే ఆ పేరు కనబడలేదు. 1915లో బయల్పడిన మస్కి శాసనమున బిరుదము ప్రక్కనే "అశోక" నామము చెక్కబడి యుండుటతో సందేహము తీరినది. అంతటి చక్రవర్తి పేరును ఆయన బిరుదమే మరుగుపరచినది! ఆ "దేవానాంప్రియ" శబ్దమునకే పిమ్మట సంస్కృత వైయాకరణులు మూర్ఖుడను అర్థము చెప్పిరి. బిరుదములకు ఇట్టి గతియు కలదు.

రాయచూరు కోటగోడలోని పెద్ద బండపై 1294 నాటి తెలుగు శాసనము కలదు. గోన గన్నయరెడ్డి పక్షమున విఠలుడు ఆదవాని, మానువ మొదలగు దుర్గములను గెలిచి ఈ కోట కట్టించినట్లు అందున్నది. ఆ మానువయే మన మాన్వి. కాలువతో వచ్చిన మనకంటె ఎంతో ముందే తెలుగు అక్షరము ఇచ్చట పాదుకొని యుండెనని తలచినపుడు మనసు పొంగును.

ఆసఫ్‌జాహీల కాలమున బిరుదములు నిచ్చెనమెట్లవలె నుండెడివి. ఖాన్, బహాదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, జాహ్ అని ఒకదానిమీద నొకటి. హిందూ ఉద్యోగులకు రాయ్, రాజా, వంత్, మహారాజా మొదలగునవి. మీర్ తురాబ్ అలీఖాన్ అన్నచో నేడు గుర్తుపట్టువారెందరు? సాలార్‌జంగ్ అన్నచో బాలురును గుర్తింతురు. మస్కి కథయే ఇచ్చటను! పరదేశపు దూతకును ఈ నిచ్చెనపై చోటు దొరకెడిది. 1798 నుండి 1805 వరకు హైదరాబాదులో కంపెనీవారి రెసిడెంటుగా నుండిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ నిజాము కొలువున "హష్మత్ జంగ్" అయ్యెను.

లేఖలలోని మాటలు అంతకంటె లోతైనవి. నిజాము తన్నుతాను "మా బదౌలత్" అని రాచఠీవితో చెప్పుకొనగా, గవర్నరు జనరలు "నియాజ్‌మంద్", అనగా వినయముతో విన్నవించువాడు, అని వ్రాసికొనెడివాడు. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కినపుడు ఈ తారతమ్యము తొలగి సమానుల మర్యాద ఏర్పడెను. కంపెనీ బలము ఎంత పెరిగినదో ఆ ఒక్క మార్పు చెప్పును. 1853లో బాకీల పేర బీరారుతోపాటు మన రాయచూరు అంతర్వేదిని నిజాము కంపెనీకి అప్పగింపవలసివచ్చెను. 1860లోగాని ఇది తిరిగి రాలేదు.

1918లో, యుద్ధమున చేసిన సహాయమునకు ప్రతిఫలముగా, మీర్ ఉస్మాన్ అలీఖాన్ "హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్" అయ్యెను. ఇతర సంస్థానాధీశులెవ్వరికిని లేని గౌరవమది. ఆ గౌరవము చూచుకొని బీరారు విషయమున సమానునివలె వాదించినపుడు, 1926లో వైస్రాయి లార్డ్ రీడింగు, బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమని నిష్కర్షగా బదులు వ్రాసెను. 1936లో పేరునకు "బీరారు"ను చేర్చిరి, కుమారుని "ప్రిన్స్ ఆఫ్ బీరార్" అనిరి. బీరారు పరిపాలన మాత్రము వారి చేతికి రాలేదు. పలుకుబడి తగ్గినకొలది పలుకు పెరిగినదని మా అభిప్రాయము.

1947 నవంబరు 29 నాటి యథాతథ ఒడంబడికతో "రెసిడెంటు" స్థానమున "ఏజెంటు జనరల్" అను పేరు వచ్చెను. భారత ప్రభుత్వ పక్షమున కె. ఎం. మున్షీ 1948 జనవరిలో ఆ పదవిలో హైదరాబాదు చేరెను. నిజాము పక్షమున జైన్ యార్ జంగ్ ఢిల్లీలో నుండెను. పెత్తనపు అధికారములేవియు సంక్రమింపవని ఆ పత్రముననే వ్రాసికొనిరి. సెప్టెంబరు సైనికచర్యతో ఆ పదవియు ముగిసినది. 1950 జనవరి 26న నిజాము రాజప్రముఖుడయ్యెను. అదే దినమున అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 18వ అధికరణము సైనిక, విద్యావిషయకములు కాని బిరుదములను రాజ్యము ప్రసాదింపరాదనెను. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. నైజాములో అవ్వల్ తాలూక్‌దారు కూర్చుండిన కుర్చీలో ఇప్పుడు జిల్లాధికారి కూర్చుండును. తహసీలుదారు మాత్రము, ఎన్ని ప్రభుత్వములు మారినను, తహసీలుదారుగనే యున్నాడు!

రాయబారుల మర్యాద వేరు త్రోవ నడచినది. 1961 నాటి వియన్నా ఒడంబడిక దౌత్యాధిపతులను మూడు తరగతులుగా విభజించినదేగాని "ఎక్సలెన్సీ" అను మాటను విధింపలేదు. అది కేవలము ఆచారము. 2012లో రాష్ట్రపతి భవనము దేశీయ వ్యవహారములలో "హిజ్ ఎక్సలెన్సీ", "మహామహిమ" పదములను విడిచి "మహోదయ" పదమును చాలుననెను. విదేశ ప్రముఖులతోడి వ్యవహారమున మాత్రము పాతదానిని నిలిపిరి.

ఇక మన "గారు". దీనికి ఫర్మాను లేదు, గెజెట్టు లేదు. ఎవ్వరును ప్రసాదింపలేదు గనుక ఎవ్వరును రద్దుపరుపలేరు. రాష్ట్రపతికిని, పాఠశాల పంతులకును, మామకును అదియే చాలును. మన పిల్లలు కన్నడమున చదువుకొనుచు "అవరు" అని చక్కగా గౌరవింతురు, అది సంతోషమే. కాని తెలుగున ఉత్తరము వ్రాయుమన్నచో "సార్" దాటి కలము సాగుట లేదు. పెండ్లి శుభలేఖపై "గారికి" అని అచ్చువేయించునపుడు తప్ప ఆ మాటను వ్రాతలో చూచుట అరుదైనది.

మ. రా. రా. శ్రీ యని మొదలగు పాత ఉత్తరములు, ఉర్దూ మొహరులున్న అర్జీల నకళ్లు మన యిండ్లలోని పెట్టెలలో ఇంకను కొన్ని యుండవచ్చును. అవి గలవారు చెదలపాలు చేయక, పై సంచికకు ముందుగా సంఘమువారికి చూపవలెనని కోరుచున్నాము.