ఇంగ్లీషు చదువు - గూగీ నడిచిన దారి

"ఇంగ్లీషు డిగ్రీ ఎందుకు పనికొస్తుంది మాష్టారూ?" అని విద్యార్థులు అడుగుతుంటారు. తెలుగు ఎం.ఏ. చదివిన నేను వాళ్లకి కెన్యా రచయిత గూగీ వా థియాంగో గురించి చెబుతాను.

గూగీ ఉగాండాలోని మకెరెరేలో ఇంగ్లీషు సాహిత్యం చదివాడు. తొలి నవలలు ఇంగ్లీషులోనే రాశాడు. 1967లో నైరోబీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడయ్యాడు. అక్కడే ఆగిపోయి ఉంటే ఆ చదువు మంచి ఉద్యోగంగా మాత్రమే మిగిలేది. 1968లో మరో ఇద్దరితో కలిసి ఇంగ్లీషు శాఖనే రద్దు చేయాలన్నాడు. ఇంగ్లీషును వెలివేయమని కాదు. ఆఫ్రికా సాహిత్యం, మౌఖిక సాహిత్యం కేంద్రంలో ఉండాలనీ, తక్కినవి దాని చుట్టూ ఉండాలనీ ఆయన వాదన.

1977లో పాలకులను విమర్శించిన ఆయన ఇంగ్లీషు నవల 'పెటల్స్ ఆఫ్ బ్లడ్' వెలువడింది. ప్రభుత్వం దాన్ని నిషేధించలేదు. అదే ఏడాది గూగీ వా మిరీతో కలిసి గికూయు భాషలో రాసిన నాటకాన్ని కమిరీథులో రైతులూ కార్మికులూ ఆడారు. దాన్ని మాత్రం నిషేధించింది. ఏడాది చివర్లో విచారణ లేకుండానే గూగీని నిర్బంధించింది. పాలకులు దేనికి భయపడతారో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

జైల్లో మరుగుదొడ్డి కాగితం మీద ఆయన గికూయులో నవల రాశాడు. తర్వాత తానే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ ఇంగ్లీషు నుంచే వరవరరావు జైల్లో ఉండి తెలుగు చేశారు. రెండు జనభాషల మధ్య ఇంగ్లీషు వంతెనైంది. ఇంగ్లీషు చదివేవాళ్లు చేయవలసిన పని ఇక్కడుందని నా నమ్మకం.