నకరికల్లు బాటలో తలగాయము

పల్నాడనగానే శ్రోతలకు స్ఫురించునది కారెంపూడి. 1182 ప్రాంతమున నాగులేటి యొడ్డున సవతి అన్నదమ్ములు కత్తులు దూసికొనిరి. నేటికిని కార్తికమాసపు అమావాస్యకు అచ్చట వీరుల ఆయుధములకు పూజ జరుగును. ఎవరు ఎవరిని నరికిరో కథకులు చక్కగా చెప్పుదురు. తల పగిలి కొన ఊపిరితో పడియున్నవానిని ఎవరు చూచిరో మాత్రము అంతగా పట్టించుకొనరు.

వైద్యులకు ఈ చింత పాతదే. సుశ్రుతుడు దేహమున 107 మర్మములను లెక్కించెను. వానిలో 37 మెడలోను తలలోను ఉన్నవి. తక్షణమే ప్రాణము తీయునవి 19 అని వేరుచేసెను. మేము వానిని కూడి చూచితిమి: నడినెత్తిన ఒకటి, తలలోపల నాలుగు, కణతల రెండు, మెడసిరలు ఎనిమిది, వెరసి 15. తక్కిన దేహమంతటికిని మిగిలినవి నాలుగే!

కణతకు ఆయన పెట్టిన పేరు శంఖము. అచ్చట ఎముక పలుచన. దాని లోపలివైపున ఒక ధమని పోవుచుండును. ఎముక చిట్లినచో అది తెగవచ్చును. పడినవాడు కొంతసేపు స్మృతి తప్పి, మరల లేచి మంచినీళ్లు త్రాగి, ఏమియు కాలేదనును. ఇంటికి పోయి పండుకొనును. అలసినాడు, నిద్రపోనిండని ఇల్లాలు దీపము తగ్గించును. లోపల నెత్తురు గడ్డకట్టి మెదడును నొక్కుచుండును. తెల్లవారునప్పటికి అతడు లేవడు. వేళకు పుర్రె తెరచి ఆ గడ్డను తీసినచో, ఈ మనిషియే కొలది దినములలో నడచి ఇల్లు చేరవచ్చును.

అట్లు తీయగల ప్రత్యేక శాఖ మన దేశమున 1949లో గాని వెలయలేదు. వెల్లూరులో జేకబ్ చాందీ ఆరంభించెను. మరుసటి ఏట మదరాసులో రామమూర్తి అందుకొనెను. గాయమే తగులకుండ చూచుట అంతకు ముందే తలకెత్తుకొన్నవాడు ఆంగ్లేయుల శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్. 1935లో మోటారుసైకిలుపై నుండి పడి ఆరు దినములు స్మృతిలేక మరణించిన లారెన్సును ఆయన చూచెను. మరువలేదు. 1941లో సైనికుల తలగాయములపై వ్యాసము ప్రకటించెను. ఆ యేడే సైన్యము తన మోటారుసైకిలువారికి హెల్మెట్టు తప్పనిసరి చేసెను.

నకరికల్లు అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీది ఊరు. నేడు పల్నాటి తలలు పగులుట కత్తులచేత గాదు, ఇట్టి రహదారుల మీదనే. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 50,029 మంది హెల్మెట్టు లేనివారు. బ్రదికినవారి సంగతియు తేలిక గాదు. దవడ విరిగి నోట నెత్తురు నిండినచో ముందు ఊపిరి, తరువాతనే తక్కినవి. మెడలో రంధ్రము చేసి శ్వాస నిలుపువారొకరు, పుర్రె తెరచువారొకరు, దవడ కూర్చువారొకరు. ఒక్క మనిషికి ఇందరు, నెలల తరబడి.

మెడయెముక విరిగినవానిని చేతులు కాళ్లు పట్టి ఆటోలో పడవేసినచో వెన్నుపాము చితికిపోవచ్చును. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రమున ఆరంభమైన 108 బండివారు మెడకు పట్టీ కట్టి, బల్ల మీద చేర్చి తీసికొనిపోవుదురు. గుంటూరు చేరినపుడు వైద్యుడు అడుగు మొదటి ప్రశ్నలు రెండు: ఎప్పుడు పడెను? పడిన తరువాత మాటలాడెనా? కావున బండిలో వెంట పోవలసినది ఇంటి పెద్ద కాదు, పడుట కన్నులార చూచినవాడు.