పదికీ పన్నెండుకీ మధ్య

వంగు. ఇంకొంచెం వంగు. వెనక చక్రం పక్కన ఫోన్ లైటు పట్టు. ఎడమ షాక్ కింది నుంచి నల్లటి చార ఒకటి జారి, వెనక చక్రాన్ని పట్టి ఉంచే చిమటా మీదికి దిగింది. వేలితో తుడిచి చూడు. జిడ్డు. ఆ జిడ్డుకి అంటుకున్న ఇసుక. సీల్ పోయింది.

సీటు వెనక పట్టుకుని గట్టిగా ఒకసారి కిందికి నొక్కి వదులు. బండి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. మూడోసారి కూడా ఊగుతోంది. మంచి షాక్ అయితే ఒకసారి లేచి నిలబడిపోవాలి. స్ప్రింగు బరువు మోస్తుంది అంతే, ఊగకుండా పట్టి ఆపేది లోపలి నూనె. సన్నటి రంధ్రాల్లోంచి నూనె ఇరుక్కుంటూ పోతుంటే కుదుపంతా వేడిగా మారిపోతుంది. ఇప్పుడు నీ షాక్‌లో ఆ నూనె లేదు.

దోహా ఇండస్ట్రియల్ ఏరియా. గురువారం రాత్రి పదకొండు. గాలి కదలడం లేదు. ఉక్కకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. సెప్టెంబరు 15 మొన్ననే దాటింది, ఎండ వేళ 10 నుంచి 3:30 దాకా డెలివరీ బండ్లు నడపకూడదన్న ఆంక్ష తీసేశారు. అంటే మూడున్నర నెలల తర్వాత మధ్యాహ్నం ఆర్డర్లు మళ్లీ బండ్లకి వస్తున్నాయి. రేపు శుక్రవారం. జుమ్మా నమాజు కాగానే ఊరంతా ఒకేసారి అన్నం తెప్పించుకుంటుంది. నీ లెక్కంతా రేపటి మీదే ఉంది. నీ బండికి సరిపోయే షాక్‌ల జత మాత్రం ఆదివారం దాకా రాదు.

మెకానిక్ అన్నది కోరుట్ల దగ్గరి ఊరు. బల్ల కిందికి చెయ్యి పెట్టి, పాత పేపర్లో చుట్టిన జత ఒకటి తీస్తాడు.

"గివి పెద్ద బండియి తమ్మీ. బాగనే ఉన్నయి. కానీ నీ దానియి కావు."

చేతిలోకి తీసుకో. బరువుగా ఉన్నాయి. రాడ్డు మెరుస్తోంది, చుక్క నూనె లేదు. వెనకాల గ్యాస్ డబ్బా. ఒక్కటే మార్చి రెండోది పాతదే ఉంచుదామా అని నీకు అనిపిస్తుంది. వద్దు. చిమటా ఒక్కటే. దానికి ఒక వైపు ఒక బలం, ఇంకో వైపు ఇంకో బలం పెడితే చక్రం మెలిపడుతుంది.

అన్న పాత షాక్‌లు విప్పి, టేపు పరుస్తాడు. పై కన్ను మధ్య నుంచి కింది కన్ను మధ్యకి కొలత. నీది 320 మిల్లీమీటర్లు. ఇవి 340. తేడా బొటనవేలు మందమంతే. కానీ వెనక అంత లేస్తే ముందు ఫోర్కు ఆ మేరకు నిలువవుతుంది, హ్యాండిల్ తేలికవుతుంది. గల్లీలో అది హాయిగా ఉంటుంది. స్పీడు మీద ఉన్నప్పుడు అదే వణుకవుతుంది.

తర్వాత వర్నియర్‌తో కొలత. నీ బండి బోల్టు 10 మిల్లీమీటర్లు. ఈ షాక్ బుష్ రంధ్రం 12.

బోల్టు దూర్చి కదిపి చూడు. టక. టక.

"గొట్టం తిప్పియ్యాలె," అంటాడు అన్న. "బయట 12, లోపల 10. లేత్ మీద ఐదు నిమిషాల పని. కానీ లేతోడు శనివారం తెరుస్తడు."

నీ కళ్లు నేల మీద తిరుగుతున్నాయి. నువ్వు ఇందాక తాగి పడేసిన కూల్‌డ్రింక్ టిన్ను అక్కడే ఉంది. కత్తెరతో చీలిస్తే పల్చటి రేకు వస్తుంది. చుట్టలు చుట్టలుగా చుడితే సందు నిండుతుంది. రేపు ఒక్కరోజే కదా.

అన్న తల అడ్డంగా ఊపుతాడు. నువ్వు బతిమాలతావు. చివరికి రేకు నువ్వే కత్తిరిస్తావు.

ఈ ఊరికి ఉత్తరాన లుసైల్‌లో 2008 నుంచి రాత్రిపూట దీపాల వెలుగులో మోటోజీపీ రేసులు జరుగుతున్నాయి. అక్కడ షాక్‌ల కోసమే ఉన్న మనుషులు ఒక్కో క్లిక్ తిప్పుతారు, రాసుకుంటారు, మళ్లీ తిప్పుతారు. ఆ రైడర్ల ప్రాణం కంటే నీ ప్రాణం చవక కాదు. ఆ టిన్ను పక్కన పెట్టాల్సింది ఇప్పుడే.

పెట్టవు. పానా తిరుగుతుంది. నట్లు బిగుస్తాయి.

మెయిన్ స్టాండ్ వెయ్యి. ఇందాకటి దాకా గాల్లో తిరిగిన వెనక చక్రం ఇప్పుడు నేలకి ఆనుతోంది. సైడ్ స్టాండ్ మీద బండి ఇదివరకటి కంటే ఎక్కువ ఒరిగింది. చైను కిందికి వేలాడుతోంది. దాన్ని బిగించబోతుంటే అన్న నీ మణికట్టు పట్టుకుంటాడు.

"ఆగు. ఇద్దరం కూసుందాం. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడు."

కూర్చుని, చెయ్యి కిందికి పోనిచ్చి చైను పట్టుకో. బిగిసిపోయింది. ముందు పళ్లచక్రం, చిమటా ఇరుసు, వెనక పళ్లచక్రం ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. పొడుగు షాక్ వేశాక ఖాళీ బండికి చిమటా మరింత కిందికి వాలింది కాబట్టి చైను వదులుగా కనిపించింది. అలా చూసి బిగించి ఉంటే, మొదటి గుంతలోనే చైనో బేరింగో పోయేది. చూసి నేర్చుకో.

కిక్కు కొట్టు. గల్లీలో మొదటి స్పీడ్ బ్రేకర్. వెనక నుంచి గట్టి దెబ్బ, వెన్నులోకి. స్ప్రింగు పెద్ద బండి బరువుకి చేసింది, నువ్వు 62 కిలోలు. వెనక ఖాళీ డెలివరీ డబ్బా ఎగిరి పడుతోంది. అయినా బండి ఊగడం మానేసింది. హ్యాండిల్ చెప్పినట్టు వింటోంది. నీకు ధైర్యం వస్తుంది.

సల్వా రోడ్డు. 2024 నుంచి డెలివరీ బండ్లు కుడి లేన్‌లోనే వెళ్లాలి. ఇసుక కొట్టుకొచ్చి చేరేదీ ఆ అంచునే. లారీలు నడిచేదీ ఆ లేన్‌లోనే. అరవై. బాగుంది. డెబ్బై. హ్యాండిల్‌లో సన్నటి జలదరింపు, చీమ పాకినట్టు. ఎనభై.

టక్.

రోడ్డు అతుకు అనుకుంటావు. ఇంకోసారి, టక్. అతుకులు లేని చోట.

అద్దంలో లారీ లైట్లు. పెద్దవవుతున్నాయి.

టక్ టక్ టక్. వెనక్కి ఎవరో పట్టి లాగినట్టు. చక్రం కుడికి. ఎడమకి. హ్యాండిల్ వణికింది.

బ్రేకు కొట్టాలనిపిస్తుంది. కొట్టకు.

గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. పట్టుకోకు.

యాక్సిలరేటర్ మెల్లగా వదులు. మోకాళ్లతో ట్యాంకు పట్టు. చేతులు వదులుగా. చూపు దూరంగా.

డెబ్బై. వణుకు ఉంది.

హారన్. లారీ గాలి. బండి పక్కకి తోసుకుపోయింది.

అరవై. యాభై. తగ్గింది.

కుడికి. అంచు గీత. గీత దాటు. ఇసుక. నెమ్మది.

ఆగు.

కాలు కింద పెట్టు. మోకాలు నీ మాట వినడం లేదు. ఇంజను ఆపు. ఇప్పుడు వినిపించేది నీ ఊపిరి, వేడి సైలెన్సర్ చిటపట.

ఫోన్ లైటుతో వంగు. ఎడమ షాక్ కింది బోల్టు దగ్గర రేకు ముక్క బయటికి పొడుచుకొచ్చింది. లాగితే చేతిలోకి వచ్చేసింది. మిగతాది ఎక్కడో రోడ్డు మీద రాలిపోయింది. ఆ ముక్క మీద ఎర్ర రంగు, సగం అక్షరం. బోల్టు ఒకవైపు అరిగి వెండిలా మెరుస్తోంది. చేత్తో కదిపితే షాక్ కదులుతోంది. ఇక్కడిదాకా వచ్చింది పట్టుమని పది కిలోమీటర్లు లేదు. రేపు రోజంతా, వెనక డబ్బాలో ఇంకొకరి అన్నం పెట్టుకుని, దీని మీదే తిరగాలనుకున్నావు.

అన్నకి ఫోన్ చెయ్యి. తిట్టడు. "అక్కడ్నే ఉండు, రోడ్డుకు దూరంగ నిలబడు" అంటాడు. పికప్ వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. ఇద్దరూ కలిసి బండిని పైకి ఎక్కిస్తారు. తోవంతా ఏమీ మాట్లాడుకోరు.

షెడ్డు దగ్గర బండి కింద ఇటుకలు పెట్టి, అన్న రెండు షాక్‌లూ విప్పుతాడు. పేపర్లో చుట్టి బల్ల కిందికి తోస్తాడు. అరిగిన బోల్టు చెత్తడబ్బాలో వేస్తాడు. నువ్వు ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కి, రేపు బండి లేదని మెసేజ్ పెడతావు. రెండు నీలం టిక్కులు పడతాయి. జవాబు రాదు.

అన్న వర్నియర్ గుడ్డతో తుడిచి నీ చేతిలో పెడతాడు.

"ఆదివారం కొత్తయి వస్తయి. నీ బండియే. అయినా నువ్వే కొలువు, కొలిచినంకనే ఎక్కిద్దాం."