హాలీ సిక్కా కాగితాలు

మొగుడంపల్లి, జహీరాబాద్ ప్రాంతం 1948 దాకా నిజాం రాజ్యంలోదే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండి కరువై, 1918లో చట్టం చేసి హైదరాబాద్ సర్కారు తన సొంత రూపాయి అయిన హాలీ సిక్కాలో కాగితం నోట్లకు దిగింది. తొలి నోట్లు లండన్‌లోని వాటర్లో కంపెనీలో అచ్చయ్యాయి. ఉర్దూ, ఇంగ్లీషులతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలూ వాటి మీద ఉండేవి; మూడు భాషలు కలిసే జహీరాబాద్ సరిహద్దుకు సరిగ్గా సరిపోయే నోటు!

1922లో లండన్ నుంచి వస్తున్న ‘ఈజిప్ట్’ ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర మునిగింది. సంతకాలు లేని హైదరాబాద్ నోట్లు అందులోనే ఉండిపోయాయి. పదేళ్ల తరువాత ఓడలోని బంగారంతోపాటు అవీ బయటపడ్డాయి. సేకర్తలకు వాటి మీద మోజు ఎక్కువ.

మిగతావాటి ధర సంతకాన్ని, మడతలను, పిన్ను రంధ్రాలను బట్టి మారుతుంది. నిజాం సర్కారు ఆర్థిక మంత్రి అక్బర్ హైదరీ సంతకం ‘హైదర్ నవాజ్ జంగ్’ అనే బిరుదుతో కనిపిస్తుంది. ఇస్త్రీ చేసి మెరిపించిన నోటు కన్నా నలిగినా సహజంగా ఉన్నదే మేలు. వెయ్యి రూపాయల నోటు మహా అరుదు.

1950లో 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు లెక్క. 1959లో హాలీ చెలామణీ పూర్తిగా ముగిసింది.