హ్యాష్‌ట్యాగ్

సామాజిక మాధ్యమాల్లో ఒక విషయానికి సంబంధించిన రాతలను, చిత్రాలను ఒకచోట చేర్చడానికి # గుర్తు వెంట ఖాళీ లేకుండా రాసే పదాన్ని హ్యాష్‌ట్యాగ్ అంటారు. రాసినవారెవరో ముందుగా ఎరగని పాఠకుడు సైతం ఆ పదాన్ని నొక్కి, అదే పదం తగిలించిన తక్కిన రాతలను చూడగలడు కాబట్టి, వర్గీకరణ కోసం పుట్టిన ఈ పద్ధతి క్రమంగా ప్రచార సాధనమైంది.

1988లో ఫిన్లాండ్‌కు చెందిన యార్కో ఓయికారినెన్ రూపొందించిన ఇంటర్నెట్ రిలే చాట్‌లో, బృంద సంభాషణ సాగే ‘చానెల్’ పేర్లకు ముందు ఈ గుర్తు వాడేవారు. ట్విటర్‌లోనూ బృందాలకు దీన్నే వాడితే ఎలా ఉంటుందని అమెరికన్ డిజైనర్ క్రిస్ మెసీనా 2007 ఆగస్టు 23న #బార్‌క్యాంప్ అనే ఉదాహరణతో ప్రతిపాదించగా, సంస్థ నిర్వాహకులు అది సాంకేతిక నిపుణుల ముచ్చట మాత్రమేనని పెద్దగా పట్టించుకోలేదు. అదే ఏడాది అక్టోబరులో శాన్ డియేగో పరిసరాల్లో కార్చిచ్చు చెలరేగినప్పుడు, నేట్ రిట్టర్ అనే నగరవాసి మెసీనా సూచన మేరకు మంటల సమాచారానికి #శాన్‌డియేగోఫైర్ అని తగిలించడం, ఇతరులూ దాన్నే అందుకోవడంతో దీని ప్రయోజనం రుజువైంది. 2009లో ట్విటర్ ఈ పదాలను నొక్కదగిన లంకెలుగా మార్చింది. 2011లో ఇన్‌స్టాగ్రామ్, 2013లో ఫేస్‌బుక్ అదే బాట పట్టాయి. మెసీనా దీనికి పేటెంటు కోరకపోవడం కూడా ఈ వ్యాప్తికి దోహదపడిందనే చెప్పాలి.

తెలుగు సినీరంగంలో ఇది ఏకంగా శీర్షికల దాకా వెళ్లింది. పేరు ఖరారు కాని చిత్రాన్ని కథానాయకుడి పేరులోని పొడి అక్షరాలతో, సినిమా వరుస సంఖ్యతో పిలవడం అభిమానుల్లో రివాజు. మహేశ్‌బాబు నటించిన ‘గుంటూరు కారం’ ఆ పేరు వెలువడేవరకు #ఎస్ఎస్ఎంబీ28గానే చలామణి అయింది. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి 2018 మార్చిలో తాత్కాలికంగా ప్రకటించిన #ఆర్ఆర్ఆర్ అయితే 2022లో విడుదలైన చిత్రానికి అసలు పేరుగానే స్థిరపడింది. అందరూ ఒకే రూపాన్ని ఒకే వేళ వాడటమే ఇటువంటి ట్యాగుల బలం. అప్పుడే అవి ‘ట్రెండింగ్’లోకి, అంటే తక్కువ వ్యవధిలో వాడుక ఒక్కసారిగా పెరిగిన పదాల జాబితాలోకి ఎక్కుతాయి, అక్షరక్రమం మారితే సంభాషణ పాయలుగా చీలిపోతుంది.

పదాలను కలిపి రాయడంలోనూ చిక్కులున్నాయి. 2013 ఏప్రిల్‌లో బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో సాగిన #నౌథాచర్స్‌డెడ్ అనే ట్యాగును మరోచోట విరిచి ‘నౌ దట్ షేర్స్ డెడ్’ అని చదివిన పలువురు, గాయని షేర్ చనిపోయిందనుకుని సంతాపం తెలిపారు. ప్రతి పదాన్నీ పెద్ద అక్షరంతో మొదలుపెడితే ఇంగ్లీషులో ఈ ప్రమాదం తప్పుతుంది. ఆ భేదం లేని తెలుగులో పదాల నడుమ అండర్‌స్కోరు గీతే గతి. పైగా యూనికోడ్‌లో గుణింతపు గుర్తులకు విడి సంకేతాలుంటాయి గనుక, వాటిని అక్షరంలో భాగంగా లెక్కించని ప్రోగ్రాములో #తెలుగు అనే ట్యాగు ‘త’ దగ్గరే తెగిపోతుంది.

ఎక్కువ ట్యాగులు పెడితే ఎక్కువమందికి చేరుతుందన్న నమ్మకం మాత్రం నిలవలేదు. ఒక్కో పోస్టుకు 30 వరకు అనుమతించిన ఇన్‌స్టాగ్రామే 2021లో మూడు నుంచి ఐదు చాలని సలహా ఇచ్చింది. ఎవరికి ఏది చూపాలో వాడుకరి అలవాట్లను బట్టి నిర్ణయించే అల్గారిథమ్‌లు బలపడ్డాక, ట్యాగు వ్యాప్తిని పెద్దగా పెంచదని ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొస్సేరి పలుమార్లు చెప్పారు. నచ్చిన హ్యాష్‌ట్యాగ్‌ను అనుసరించేందుకు 2017లో కల్పించిన సదుపాయాన్ని ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబరులో తొలగించింది.