పోశమ్మ అడగని పిల్ల

నిజామాబాద్ జిల్లాలో మా నాయనమ్మ చెల్లెను ఏడేండ్లకే పోశమ్మకిచ్చి జోగినిని చేసిండ్రు. ఇంట్ల జబ్బు, నెత్తిన అప్పు, మగపిల్లడు లేడు. అమ్మవారే అడిగిందన్నది ఊరు. పెద్దమనిషైనంక వాడుకున్నది దొర. మాల, మాదిగ పిల్లలనే దేవత ఎందుకడుగుతది?

1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ, జోగినీ అంకితాల నిషేధ చట్టం వచ్చింది. అంకితమిచ్చిన తల్లిదండ్రులకూ శిక్ష ఉంది. సరే, మరి ఆ తల్లికి గుంటెడు భూమేది, కూలేది? 2012 పోక్సో చట్టం ముందు పద్దెనిమిదేండ్ల లోపు పిల్ల మీద చెయ్యేసినోడు నేరస్తుడే, దేవుడి పేరు చెప్పినా సరే.

బడిపంతులుగా నాకు తెలిసిన కాపలా ఒక్కటే. మూడొద్దులు రాని ఆడపిల్ల ఇంటికి పోవాలె. అప్పు ఎవరిదో అడగాలె. హాస్టల్ సీటు చూడాలె. అవసరమైతే 1098కు ఫోన్ కొట్టాలె. పిల్లను తాకట్టు పెట్టేది భక్తి కాదు, అప్పు.